కింది నుంచి ఐదో మెట్టు

ఫోన్లో నెస్టా ప్రాసర్ గారు అరవలేదు.
"మీ వరద కరపత్రం తెరిచానమ్మా.
నా కంప్యూటరు 'బొమ్మ' అంది,
మళ్ళీ 'బొమ్మ' అంది,
ఆ తర్వాత పద్దెనిమిది సార్లు 'ఖాళీ' అంది.
ఇంతకీ నీళ్ళొస్తే నేను ఇల్లు ఎప్పుడు వదలాలి?"

కార్మార్థెన్ కౌన్సిల్ ఆఫీసు, రెండో అంతస్తు.
కిటికీ కింద టోవీ నది
పాలు ఎక్కువైన టీ రంగులో
తనకేమీ సంబంధం లేనట్టు పోతోంది.
ఆ కరపత్రాన్ని పీడీఎఫ్ చేసింది నేనే,
శుక్రవారం సాయంత్రం, కోటు ఒక చేతికి తొడుక్కుంటూ
రెండో చేత్తో 'ప్రింట్' నొక్కి.

మానిటర్ ఆపేసి విన్నాను.
రెండు వరసల పాఠం. చదివే గొంతుకి
మధ్యనున్న గోడ కనపడలేదు,
అడ్డంగా నడుచుకుపోయింది:
"మెయిన్ స్విచ్ మీ పిల్లిని
ఆపి ఉంచండి పై అంతస్తులో."
ఇఫాన్ నవ్వాడు. నేనూ నవ్వాను.
నవ్వు అయిపోయాక
ఇద్దరం కాసేపు కీబోర్డుల వైపు చూశాం.

నాకిది కొత్త పాపం కాదు.
చిక్కడపల్లి డీటీపీ షాపులో నాలుగేళ్ళు
పాత ఫాంట్లలో శుభలేఖలు కొట్టినదాన్ని.
పైకి 'శ్రీరస్తు',
లోపల డాలరు గుర్తూ, రెండు బ్రాకెట్లూ, ఒక కామా.
తలకట్టు కుదిరిందా, గుడి సరిగ్గా కూర్చుందా,
అంతవరకే చూసేవాళ్ళం.
కాగితం మీదికి దిగితే చాలనుకునే రోజులు.
చెవికి ఏం అందుతుందని ఒక్కరమూ అడగలేదు.

వర్డ్ ఫైలుకి తిరిగి వెళ్ళాను.
శీర్షికలనుకున్నవి శీర్షికలు కావు,
ఎవరో బొద్దు చేసి, సైజు పెంచి వదిలేసిన మామూలు వాక్యాలు,
పులిని చూసి వాతలు పెట్టుకున్న నక్కలు.
ఒక్కొక్కదాన్నీ పట్టుకుని 'హెడింగ్' అని నిజంగా పేరు పెట్టాను.
పేజీ మారడానికి ఎవరో కొట్టిన ఎంటర్లు
పద్దెనిమిదీ ఏరేశాను, బియ్యంలో రాళ్ళలా.
సహాయం నంబరు బొమ్మలో ఇరుక్కుని ఉంది,
సీసాలో ఈగ. దాన్ని అంకెల్లోకి వదిలాను.
వెల్ష్ పేరాలకి వెల్ష్ అని గుర్తు పెట్టాను,
లేకపోతే ఇంగ్లీషు గొంతు వాటిని
నోట్లో గులకరాళ్ళు పోసుకుని చదువుతోంది.
చుట్టూ ఉన్న అలల అంచుని
అలంకారమని చెప్పి మౌనంగా ఉంచాను.
అన్నీ చెప్పడం కూడా ఒక రకం చప్పుడే.

ఇక ఫొటో.
వివరణ గడిలో 'ఐఎంజీ నాలుగు వేల డెబ్బై ఒకటి' అని ఉంది.
'వరద దృశ్యం' అని రాసి చెరిపాను.
'ఉగ్రరూపం దాల్చిన నది' అని రాసి
ఎవరైనా చూశారేమోనని చెరిపాను.
లంచ్ వేళ గొడుగు పట్టుకుని వంతెన దాకా నడిచాను.
ఫొటోలో నీటి పైన ఉన్న మెట్లు ఆరు,
రేవులో నేను లెక్కపెట్టినవి తొమ్మిది.
తడిసిన బూట్లతో వచ్చి రాశాను:
వంతెన పక్క రేవు. నీళ్ళు కింది నుంచి మూడో మెట్టు దాకా వచ్చాయి,
ఆరు మెట్లు బయట ఉన్నాయి.

ట్యాగులు ఉంచమనే గడిలో టిక్కు. సేవ్. పంపాను.

నాలుగింటికి మళ్ళీ ఆవిడే.
"శీర్షిక నుంచి శీర్షికకి గెంతుకుంటూ వచ్చాను,
మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదు.
కానీ ఆ మెట్లు తొమ్మిది కాదమ్మా, పదకొండు.
అడుగు రెండూ ఎప్పుడూ బురదలోనే ఉంటాయి.
నాకు చూపున్న రోజుల్లో ఒక ఎండాకాలం
నీళ్ళు బాగా తగ్గాయి.
మా అన్న హైవెల్ ఆఖరి మెట్టు మీద కూర్చుని
ఈల్ చేపకి గాలం వేశాడు.
ఆరు బయటుంటే, మునిగింది మూడు కాదు."

ఐదో మెట్టు అని దిద్దాను.
మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా విన్నాను, కళ్ళు మూసుకుని.
ఇఫాన్ లైట్లు ఆపి వెళ్ళిపోయాడు.
కోటు ఇంకా కుర్చీకే ఉంది.