ఇరవైనాలుగో వంతు

కొర్లగుంట మేడమీద గది.
బల్లమీద రెండు అంబాసిడర్లు, ఇంకా రంగు పడనివి.
ఒకదాని గ్రిల్లు పుల్లలు లెక్కకు సరి,
బానెట్టు మాత్రం ఇస్త్రీ చేసినట్టు చదును.
రెండోదానికి వెనక తుంటి వంపు అచ్చం అదే,
చక్రాలు అర మిల్లీమీటరు బక్క.
వెర్నియర్ పట్టుకొని
రాత్రంతా పంచాయితీ చేస్తా ఉన్నా.

కింద వాటా మొగిలప్ప,
ముప్పయ్యేండ్లు కొండకు టాక్సీ తోలినోడు,
ఒక్కోదాన్ని చెవికాడ పెట్టి ఊపినాడు.
"రెండుసార్లు ఈడ్చి కొడితేగానీ పడదబ్బా డోరు.
యాడుంది ఇందులో?"
రెండిట్లోనూ తలుపులు ఉత్త గీతలే.

"నిమ్మకాయలన్నా పెట్టినావా చక్రాల కింద?"

నిమ్మకాయను ఇరవైనాలుగుతో భాగిస్తే
ఆవగింజ.
పోపులపెట్టె తెచ్చి
ఎనిమిది ఏరినాను.
బక్క చక్రం కిందది ఒకటి
జారి ఎటో పోయింది.
కొలతలు పక్కనపెట్టి
నేలమీద ఇద్దరమూ వెతుకుతా ఉన్నాం.