రంపం మీసాలు

రాక్ కింద పెట్టిన జిగురు అట్ట
నెలకోసారి నా బల్ల మీదికొస్తుంది.
జనవరిలో రెండు చీమలు, ఒక దోమ కాలు.
ఫిబ్రవరిలో వెండిచేప పురుగు, సగమే.
మిగతా సగం సంగతి సాలీడుకి తెలియాలి.
మార్చి అట్ట మీద పదకొండు చుక్కలు.

ఆవగింజలనుకున్నాను.
ఆవగింజలకి కాళ్ళుండవు.

బీచ్ రోడ్డు వెనక ఈ స్టోరు గదిలో
గోడలకి కూడా చెమట పడుతుంది.
సముద్రం కిటికీ సందుల్లోంచి దూరి
బీరువా గొళ్ళేల మీద ఉప్పు రాసి పోతుంది.
తేమ మీటరు డెబ్బై ఎనిమిది అంటుంది,
యాభై అయిదైతే బాగుండునని
కామేశం గారు నిట్టూరుస్తారు, మీటరు వైపు చూడకుండా.

లెన్సు కింద పెడితే
ఎండు ఖర్జూరం రంగు. గూని వీపు.
తల కిందికి దించేసుకుని,
అప్పు అడగడానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయిన మనిషిలా.
ఈ వాలకంతో రెండు రకాలుంటాయి.
ఒకదాని వీపున దువ్వెన గీసిన గీతలు, మీసం కొసన చిన్న గద;
అది దినుసుల డబ్బాల్లోది, ఎండినదేదైనా తింటుంది.
రెండోదానికి వీపు నున్నన,
మీసం పొడుగునా రంపం పళ్ళు.

సూదిమొనతో మీసం పక్కకి జరిపాను, ఊపిరి బిగబట్టి.
పోయిన నెల ఇలాగే తుమ్మొచ్చి
ఒక పురుగు ఎటో ఎగిరిపోయింది,
రిజిస్టర్లో 'గుర్తు తెలియనిది'గా మిగిలింది.

రంపం.
పొగాకు పురుగు.

ఇక్కడ పొగాకెక్కడిది?
మన్యం డప్పులున్నాయి, ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి,
ఏ ఓడదో తెలియని గొలుసు ముక్కుంది,
పొగ తాగరాదన్న బోర్డుంది.
కామేశం గారు వాచ్‌మన్‌ని అనుమానించారు.
వాచ్‌మన్ నన్ను.

మూడు రోజులు టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద తిరిగాను.
నాలుగో అరలో, రవ్వకంటే సన్నం పొడి.
పైన ట్రేలో రెండువందల పన్నెండో నంబరు:
'ఓడ ఖలాసీ కోటు. నీలి ఉన్ని. మగ. దాత తెలియదు.'
కుడి జేబు అస్తరు చిరిగి ఉంది,
చిరుగులో వేలు పెడితే
సగం చుట్ట.
ఒంటినిండా గుండుసూదితో పొడిచినట్టు చిల్లులు.

గది ఊడ్చే ఎర్నమ్మ చీపురు గోడకానించి వచ్చింది.
"ముట్టుకోకు, గ్లవ్స్!" అని నేననేలోపే
చుట్ట దీపం వైపు తిప్పి చూసింది.
"మగోడి కోటని ఎవులు సెప్పినారు?
కాలిన కాడే సూడు, పళ్ళు దిగున్నాయి.
ఇది అడ్డసుట్ట.
నిప్పు నోట్లోకెట్టుకుని పీలుస్తారు, గాలికి ఆరిపోదు.
మా యమ్మ అలగే తాగీది, నెత్తి మీద సేపల గంపతో.
అంగిట్లో తెల్లగా కాయ కాసేసుండీది."

కోటు మళ్ళీ పరిచాను.
చేతుల అంచులు లోపలికి రెండు మడతలేసి కుట్టున్నాయి,
పొట్టి చేతులవాళ్ళకి సరిపోయేలా.
'పాత మరమ్మతు' అని నిరుడు రాసింది నేనే.
లెన్సు కుట్టు మీదికి జరిపాను.
దారం సందున ఒక పొలుసు, అద్దం ముక్కలా.
ఇన్నాళ్ళూ ఈ లెన్సుతో కాళ్ళే లెక్కపెట్టాను.

రిజిస్టర్లో సిరా కొట్టివేతలు కూడవు.
'మగ' పక్కన పెన్సిల్‌తో ప్రశ్నగుర్తు పెట్టాను, చిన్నది.
పురుగు పట్టింది పారెయ్యమన్నారు కామేశం గారు.
చుట్టని వేరే సంచిలో పెట్టి
రెండువందల పన్నెండు బై ఒకటి అని రాశాను.
ఆయన చూశారు. ఏమీ అనలేదు.

ఇక పాలిథిన్ చుట్టి, గాలి తీసి,
మైనస్ ఇరవైలో పధ్నాలుగు రోజులు.
గుడ్లు కూడా చావాలి కదా.

ఫ్రీజరు మూత దించుతుంటే
ఎర్నమ్మ ఒకసారి లోపలికి వంగి చూసింది.
"దానికేటీ అవదులే.
తెల్లారగట్ల హార్బర్ కాడ సలి నీకు తెలీదు.
సలికోసరమే కదా తొడిగింది."