ఎదుటి పక్షం

ఫారంలో మూడో గడి: ఎదుటి పక్షం పేరు, చిరునామా.
అక్కడే ఆగింది నా పెన్ను.

కాశీబుగ్గ నుంచి మొదటి బస్సుకి
శ్రీకాకుళం వచ్చిందట దాలమ్మ.
జీడి కార్ఖానాలో పందొమ్మిదేళ్లు.
సంచీలోంచి ఫోను తీసింది, ఆధారు తీసింది,
మడతల దగ్గర అరిగిన కాగితం తీసింది.
దాని మీద కూతురు రాసిపెట్టిన నలభై రెండు అక్షరాలు,
సున్నాతో మొదలు.
"ఇదేనండి బాబూ, ఆల సిరునామా."

వీధి లేదు. పోస్టాఫీసు లేదు.
రిజిస్టర్డ్ కవరు మీద ఇది రాస్తే
ఊరి పొలిమేర దాటకముందే తిరిగొస్తుంది.

టోకెనుకి కిలో పలుకు అన్నారట.
బద్ద కాదు, మూడొందల ఇరవై నంబరు గుండు పలుకు.
పదకొండు నెలలు తాళం.
పదో తారీకు గడువుకి మీట నొక్కకపోతే
మొత్తం వాళ్ల గాదెలోకే.
నొక్కింది. పదో తారీకే, సాయంత్రం, పని దిగొచ్చి.
వాడి అర్ధరాత్రి మన తెల్లారగట్ల ఐదున్నర మరి.
అప్పటికామె పెనం ముందుంది, పొగలో.

"ఒక్క పూటేనండి.
సేటు ఆగుతాడు ఒక్క పూట. అప్పులోడూ ఆగుతాడు.
ఆగనోడు, ఇదెవులండి?"
ఎవరూ కాదమ్మా. స్మార్ట్ కాంట్రాక్ట్.
రాసిందే జరుగుతుంది, జరిగింది చెరగదు.
"రాసినప్పుడు నన్నడిగినారేటి?"

చట్టం పుస్తకం నా బల్ల మీదే ఉంది.
అన్యాయపు ఒప్పందమంటే ఏమిటో ఉంది అందులో.
ఉన్న ఊరి నుంచే కేసు వెయ్యొచ్చనీ ఉంది.
నోటీసు అందుకునే చెయ్యి మాత్రం
మనమే వెతికి తేవాలి.

"ఫోన్లో ఎక్కించిందెవరమ్మా?"
మొదటిసారి నేలకేసి చూసింది.
"మా సెల్లి కొడుకండి, ఢిల్లేసు.
బస్టాండెదర సెల్లు షాపు.
నాలుగొందలు కమీసనొచ్చింది ఆడికి. ఆడిదీ పోనాది."

అతనికి వీధి ఉంది. పిన్‌కోడు ఉంది.
అంత పొడుగు గొలుసులో
తలుపున్న లంకె అదొక్కటే.
ఆ మాటే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

చాలాసేపు ఏమీ అనలేదు.
ఫ్యాను గాలికి ఫారం అంచు లేస్తోంది, పడుతోంది.
"ముందు యేలిముద్ర ఏసీస్తాను బాబూ.
ఆ గడి సంగతి తరవాత సూద్దుం."

బొటనవేలు ఇంకులో అద్ది నొక్కింది.
గీతలన్నీ జీడి నూనె తినేసింది ఎప్పుడో.
కాగితం మీద నల్లటి గుండ్రం, అంతే.
మళ్లీ నొక్కించాను.
మూడోసారి పడిన మరక పక్కన
నేనే రాసి, కింద సంతకం పెట్టాను:
ఇది దాలమ్మ వేలిముద్ర.
నా ఎదుట వేసింది.