కీ నంబరు యాభై

ఇవాలో నుంచి ఉత్స్‌యోకికి నూట అరవై కిలోమీటర్లు పైనే.
రెండుచోట్ల రెయిన్‌డీర్లు రోడ్డు మీంచి లేవమంటే
బండి ఆపి కూర్చున్నాడు నీల్లాస్.
వెనక సీట్లో ఇంకో కీబోర్డు, ఫ్లాస్కులో కాఫీ,
పెన్‌డ్రైవ్‌లో ఒక లినక్స్, ఎందుకైనా మంచిదని.

లైబ్రరీ మూల బల్ల దగ్గర రావ్ద్నా,
డెబ్భై ఆరేళ్ళ మనిషి,
జ్వరమొచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు
స్క్రీన్ వంక చూస్తోంది.
"నేను మెల్లగానే చెబుతున్నాను
ఇదే అరుస్తోంది."

నిజమే. అన్నీ పెద్దక్షరాలు.
క్యాప్స్ లాక్ దీపం మాత్రం
నాకేం తెలుసన్నట్టు ఆరిపోయే ఉంది.

ఆమె రాస్తున్నది నది పేర్లు.
ఏ మలుపులో ఏ మడుగు, ఏ బండ పక్కన ఏ సుడి.
సాల్మన్ పట్టడం ఆపించాక
వాటిని పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.
వల వెయ్యని మడుగుకి పేరుతో పనేముంది?

కీల మీద అచ్చు ఫిన్నిష్‌ది, కిందున్నది సామీ.
క్యూ నొక్కితే దీర్ఘం తీసిన ఆ,
ఎక్స్ నొక్కితే చ.
మన ఙ లాంటిది కూడా ఒకటుంది, కుడివైపు మూల.
మనం బడిలో చూసి వదిలేశాం గాని
వాళ్ళకది రోజూ నోట్లో నలిగే అక్షరం.

నీల్లాస్ అనుమానం మొదట లేఅవుట్ మీదే.
రెండూ తీసేశాడు. ఒకటే పెట్టాడు.
టెర్మినల్లో ఒక వాక్యం కొట్టి కొత్తగా ఎక్కించాడు.
లాగౌటయి వస్తే అంతా బాగుంది.
కాఫీ పోసుకున్నాడు.
కప్పు సగమయ్యేసరికి మళ్ళీ అరుపు.

కీబోర్డు మార్చాడు. అదే అరుపు.

ఇక చిన్న తెల్ల కిటికీ ఒకటి తెరిచాడు.
అందులో ఏం నొక్కినా పక్క టెర్మినల్
చాడీలు చెప్పే తమ్ముడిలా అంతా చెప్పేస్తుంది:
ఫలానా కీ దిగింది, ఫలానా కీ లేచింది.
"ఇందులో రాయి అత్తా, అక్షరాలు కనిపించవు. పర్లేదు."

ఆమె నది ఎగువ నుంచి మొదలుపెట్టింది.
అంకెల వాన.
ఒక గ్వొయ్కా దాటింది, నీళ్ళు ఉరికేచోటు.
ఒక సవ్వొన్ దాటింది, నీళ్ళు ఊపిరి పీల్చుకునేచోటు.
తర్వాత ఆగింది.
కళ్ళు కిటికీ బయట ఎక్కడో, పెదవులు కదులుతూ.

యాభై దిగింది, యాభై లేచింది.
యాభై దిగింది, యాభై లేచింది.
యాభై. యాభై. యాభై.

"ఇప్పుడేం నొక్కావు?"
"ఏమీ లేదే. పేరు వెతుక్కుంటున్నాను."

ఎడమ చిటికెన వేలు
ఇంకా షిఫ్ట్ మీదే ఉంది, ఆమెకి చెప్పకుండా.

షిఫ్ట్‌ని ఐదుసార్లు వరసగా తడితే
యంత్రానికి తెలిసిన అర్థం ఒక్కటే:
రెండు కీలు కలిపి నొక్కలేని చేతులివి, సాయం పట్టాలి.
అప్పట్నుంచి ఒకసారి నొక్కితే పట్టుకునే ఉంటుంది.
రెండుసార్లు నొక్కితే ఇక వదలదు.

"నా చేతులకేమొచ్చింది?" అంది రావ్ద్నా,
"వలలు ఇప్పటికీ నేనే బాగుచేస్తాను."
"చేతులకి కాదు."
మిగతా మాట నీల్లాస్ కాఫీతో మింగేశాడు.

సెట్టింగుల్లో ఒక చిన్న టిక్కు. తీసేశాడు.
అరనిమిషం పని, మూడున్నర గంటల దారి.

"పాత ఫైల్లో పెద్దక్షరాలు చిన్నవి చేసిపెట్టనా?
ఒక్క దెబ్బకి అయిపోతుంది."
ఆమె పైనుంచి కిందకి చదువుకుంది,
అరుపులు ఎక్కడెక్కడ మొదలయ్యాయో చూస్తూ.
"ఉండనీ. అక్కడల్లా నేను వెతుక్కున్నాను."

అతను వైర్లు చుట్టుకుంటుంటే
వెనక టిక్, టిక్, టిక్
ఇప్పుడది ఎవరికీ ఏమీ చెప్పదు.
నలభై ఒకటి అని అంకె వేసి ఉంది,
దాని పక్కన
కర్సర్.