పదిహేడో దర్వాజ

మహబుల్లాల మా క్యాంపు బిల్డింగు.
మెట్ల కింద, చీపుర్లు పెట్టే అర్రల
ఇరవై నాలుగు దర్వాజల డబ్బా ఒకటి,
ఏసీ నీళ్లు కారే గోడకు ఆనుకొని
పచ్చగ కండ్లు కొడ్తుంటది.

కరెంటిచ్చిన తొలినాడు దానికి ఎవలూ తెల్వదు.
నన్ను అడగలే, ఆఫీసుల రిజిస్టర్ అడగలే.
ఊకె ఇన్నది.
ఎవలు నోరు తెరిస్తే వాళ్ల పేరు,
మాట ఏ దర్వాజల నుంచి వచ్చిందో ఆ నంబరు
పక్కపక్కన రాసుకున్నది.
ముందు ఇంటిపేరు, అంటే చేసిన కంపెనీది,
ఎనక సొంతపేరు. అచ్చం మన తీరే.
అడగంది అమ్మైనా పెట్టదంటరు,
పలకంది ఇది పేరు రాయదు.

తెల్వని పేరు మీద ఉత్తరమొస్తే
వచ్చిన దర్వాజ ఒక్కటి ఇడిశిపెట్టి
తక్కిన అన్నిట్ల కేకేస్తది.
ఆరుల బంగ్లా పోరలు, పదకొండుల నేపాలీ వంటాయన
మాది కాదని ఆడనే పడేస్తరు.
ఏడనో ఒకడు ఆఁ అంటడు.
గంతే, ఇగ కేకలుండయ్.

పదిహేడో దర్వాజ అవతల ఎనిమిది మంచాలు.
అండ్ల ఒకటి దుబ్బరాజంది,
స్కాఫోల్డింగ్ పని, అద్దం పగిలిన ఫోను.
జీతం లొల్లయ్యి ఐదో అంతస్తుకు మారిండొకనాడు.
ఇరవై రెండుల నుంచి ఒక్క మాట మాట్లాడంగనే
డబ్బా పాత నంబరు కొట్టేసి కొత్తది రాసింది.
ఎందుకు మారినవనలే.
పాత దర్వాజ సంతకం తెమ్మనలే.
రిలీజ్ కాయితానికి పదకొండు నెలలు
చెప్పులిడిశి నిలబడ్డోడు, ఆ పట్టీ చూపిస్తే నవ్విండు:
"అన్నా, గీ డబ్బాను నాకు కఫీల్ చెయ్యరాదే?"

మూడు వందల సెకన్లు సప్పుడు లేకుంటే
పేరు తుడిశేస్తది.
కోపమేం కాదు. పోయినోడు పోయిండనుకుంటది.

మంగళారం తెల్లారుజామున
మెట్ల మీద చెప్పుల సప్పుడు, సంచి గోడకు రాసుకున్న సప్పుడు.
ఫోను బంద్ చేసి చేతుల పట్టుకున్నడు.
నా దిక్కు చూసిండు. నేను చీపుర్ల దిక్కు చూసిన.

అంతట్లనే క్యాంపు బాస్ వచ్చిండు:
"వాడు ఖల్లివెల్లి అయినట్టుండు. నీ డబ్బాల చూడు,
బిల్డింగుల ఉన్నడా, ఎప్పుడు పోయిండు?"

చూస్త సార్ అన్న.
స్టవ్ ముట్టిచ్చిన. అల్లం దంచిన.
ఒక పొంగు రానిచ్చి, దించి, మళ్ల పెట్టిన.

అప్పుడు తెరిచి చూపెట్టిన.
పదిహేడుల లేడు, ఇరవై రెండుల లేడు.
డబ్బాకు అబద్ధం రాదు సార్, అన్న,
ఆయనకు గూడ ఒక గిలాస పోసుకుంట.