మీటరు కూత

దారెస్సలాం ఉక్కలో, టాండలేలో,
మా గోడ అవతల షుకురు ల్యాప్‌టాప్‌కి
ఒక మీట ఊడిపోయింది.
అగ్గిపుల్లతో పొడుస్తాడు.
తెర నిండా గళ్ళు. గడికో దెబ్బ.
నిమిషానికి రెండు వందల పది.

"గుండె అట్లా కొట్టుకుంటే ఆసుపత్రిలో పడేస్తార్రా"
అంటుంది వాళ్ళ పిన్ని జుహురా
కుట్టుమిషను తొక్కుతూనే.
ఆ మిషను చప్పుడూ దొంగిలించాడు వాడు
పాత ఫోను పక్కన పెట్టి.
సూది దిగడం ఒక దరువు.
దారం తెగినప్పుడు పిన్ని తిట్టిన తిట్టు
ఇంకో దరువు.

మొన్న రాత్రి కరెంటు యూనిట్లు అడుగంటి
మీటరు ఒకటే కూత.
నింపడానికి డబ్బుల్లేవు, నోరు మూయించడం రాదు.
సరే ఉండనీ అని
దాన్నీ ఒక గడిలో కూచోబెట్టాడు.

ఇవాళ సందులో పెళ్ళి.
అద్దె స్పీకర్లు, మోకాళ్ళ దాకా దుమ్ము.
ఆట మంచి ఊపులో ఉండగా
వచ్చింది ఆ కూత.
ముగ్గురాడవాళ్ళు చిందు ఆపి
ఇళ్ళకేసి పరుగు.
నేనూ లేచాను, పిలావు పళ్ళెంతో సహా.

తిట్టుకుంటూ తిరిగొచ్చాం.
అందరూ పడీపడీ నవ్వుతున్నారు,
షుకురు తప్ప.
వాడు కళ్ళు మూసుకుని
మా చెప్పుల టపటపలు
ఎంత వేగమో
వేళ్ళ మీద లెక్కేస్తున్నాడు.