రెండు గంటలకి గంట

అయనావరంలో రేషన్ షాపు పక్క సందు.
గేటు దగ్గరే ఫినాయిల్ వాసన నాకెదురొచ్చింది.
నేనొస్తున్నానని దానికి ముందే తెలుసు.

ఎర్ర సిమెంటు గచ్చు ఇంకా తడి ఆరలేదు.
మేనేజరు తామరైసెల్వి గారు కాఫీ ఇచ్చారు, ఫైళ్లిచ్చారు,
ఫ్యాను నా వైపు తిప్పారు.
నా సంచిలో నూటపన్నెండు ప్రశ్నలు.
అవును, కాదు, పాక్షికంగా.
పదకొండేళ్లుగా ఈ మూడు మాటల మీదే బతుకుతున్నాను.

మంటలార్పే సిలిండరు: ఉంది.
బాత్రూంలో పట్టుకునే కడ్డీ: ఉంది.
పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి
పక్క మార్చిన చార్టు: ఉంది.
ఒకటే నీలం సిరా, ఒకటే వాలు,
సోమ, మంగళ, బుధ.
ఇవాళ బుధవారం.
గురువారం గడుల్లోనూ టిక్కులు పడిపోయి ఉన్నాయి.
రేపటి వీపుని ఇవాళే తిప్పేశారు.

తొమ్మిదో మంచం.
గ్లాసు నిండా నీళ్లు, పైన స్టీలు మూత,
అంతా శుభ్రంగా
పడిపోయిన చెయ్యి వైపు.
ఇటు జరిపాను.
జరపకూడదు. చూడాలి, రాయాలి. మాకు నేర్పింది అంతే.

"తెలుగేనా?" అన్నాడాయన.
కోదండపాణి, ఎనభై మూడు, ఎడమవైపు పక్షవాతం.
రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు ఇన్‌స్పెక్షను.
"నీ పనే నాదీనూ. ఎవరూ కాఫీ మనస్ఫూర్తిగా ఇవ్వని పని."
వేలి కణుపుతో మంచం కడ్డీ మీద కొట్టాడు.
"అతుకు బాగుంటే మోగుతుంది.
లోపల బుడగుంటే దగ్గుతుంది.
పైన రంగు మాత్రం రెండింటికీ ఒకటే."

తలగడ కింద చింపిన క్యాలెండరు కాగితాలు,
వెనక్కి తిప్పితే అంకెలు:
నూట నలభై. తొంభై ఐదు. మూడువందల పది.
గంట నొక్కిన దగ్గర్నుంచి మనిషొచ్చేదాకా లెక్కపెట్టినవి.
ఒక కాగితం మీద అంకె లేదు, గీత ఉంది.
"ఆ రాత్రి?"
"వెయ్యి దాటాక నిద్ర పట్టేసింది.
పగలు రంగు చూస్తావు తల్లీ.
రాత్రి రెండింటికి రా."

చెప్పకుండా రావచ్చని నిబంధనల్లో ఉంది.
ఎవరం రాం. ఆటో దొరకదు, మోకాళ్లు ఊరుకోవు.
శుక్రవారం వెళ్లాను,
నా సంతకం కింద బుడగ ఉందేమోనని.

చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కాను.
ఆయన మేలుకునే ఉన్నాడు. నొక్కాడు.
ఇద్దరం లెక్కపెట్టాం, ఆయన పైకి, నేను పెదవుల్తో.
నలభై. ఎనభై. ఎక్కడో యార్డులో ఇంజను కూసింది.
రెండువందల ఆరు దగ్గర
నాకాగలేదు, లేచి వెళ్లాను.

హాలు చివర, పదహారో మంచం దగ్గర మినతి,
ఒరియా పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయేమో.
వాంతి చేసుకుంటున్న ముసలావిడ నుదురు
ఒక అరచేత్తో ఆపి పట్టుకుంది,
రెండో చేతిలో బకెట్.
నన్ను ఎవరి చుట్టమో అనుకుంది. "పుడింగక్కా" అంది.
బకెట్ పట్టుకున్నాను.
నూటపన్నెండులో ఇది ఎన్నో ప్రశ్నో గుర్తు రాలేదు.

తర్వాత చేతులు కడుక్కుని తొమ్మిదికి వచ్చింది,
"తాతా, నీళ్లా?"
ఆ ఒక్క మాటా తెలుగులో.
భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి,
చంటిపిల్లాణ్ణి తిప్పినట్టు తిప్పింది.
చార్టులో రాయలేదు.
పెన్ను మేనేజరు గదిలో, గదికి తాళం.

ఆయన కాగితం మీద రాసుకున్నాడు: ఐదువందల ముప్ఫై.
నాకు కోపమొచ్చింది. "పాపం, పిల్ల ఖాళీగా లేదుగా?"
"ఈ పిల్లకి కాదమ్మా ఆ అంకె.
రాత్రి డ్యూటీకి ఇద్దరని గోడ మీద రాసుంటుంది చూడు,
ఆ రెండో పిల్లకి.
వచ్చిందగ్గర్నుంచీ దాని కోసమే లెక్కపెడుతున్నాను."

తెల్లవారుతుండగా ఇంట్లో, ఫారం ముందు.
రాత్రి సిబ్బంది తగినంత ఉన్నారా?
మూడు గడులనీ వదిలేసి
ఐదువందల ముప్ఫై అని కొట్టాను.
చెల్లని సమాధానం, అంది కంప్యూటరు.
మళ్లీ కొట్టాను.